నూట ఎనిమిది ముక్కల పెట్టె

మా బావని వీధిలో అందరూ సెకన్ల ముల్లు అంటారు. గడియారాలు బాగుచేస్తాడు కనక ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అది కాదు. గంటల ముల్లు కదులుతోందన్న నమ్మకం మీద మనం బతుకుతాం. నిమిషాల ముల్లు మనం చూడనప్పుడు కదులుతుంది. సెకన్ల ముల్లు ఒక్కటే అందరి కళ్ళముందూ అదేపనిగా తిరుగుతూ ఉంటుంది, అయినా దాన్ని చూసి టైమెంతయిందో ఎవరూ చెప్పరు. మా బావ సంగతీ అంతే.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. పొద్దున్న తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా కిటికీ పక్క బల్ల దగ్గర, కంట్లో భూతద్దం బిగించుకుని, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతూ కూర్చుంటాడు. ఆవగింజంత మరమేకుని పట్టకారుతో పట్టుకున్నవాడికి తుమ్మే హక్కు ఉండదు. అలా ఎనిమిది గంటలు అణిచిపెట్టిన కదలికంతా ఐదు కొట్టేసరికి ఒక్కసారిగా తిరగబడుతుంది. ఐదుంబావుకి మీరు ఎప్పుడు వెళ్ళి చూసినా ఆయన ఇంట్లో ఏదో ఒకటి విప్పుతూ ఉంటాడు. పంపు, కుట్టుమెషీను, తలుపు గొళ్ళెం. అవి చెడిపోయి ఉండాలన్న నియమం లేదు.

ఇంటికి ముందు గది ఆయనది. వెనక రెండు గదులూ మా అక్కవి. అక్కది లాండ్రీ. రెండు పెద్ద మెషీన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడుగునా అరలు. మెషీను బట్టలు పిండే దశకి వచ్చినప్పుడల్లా ముందు గది నేల వణుకుతుంది. అందుకని అక్క వెనక నుంచి "పిండుతున్నానండోయ్!" అని కేకేస్తుంది. బావ వెంటనే పనిముట్లు కింద పెట్టి, దొంగలు పడ్డ బ్యాంకులో గుమాస్తాలాగా చేతులు పైకెత్తి కూర్చుంటాడు. నాలుగు నిమిషాలు. పదహారేళ్ళ సంసారంలో వాళ్ళిద్దరూ చేసుకున్న ఒప్పందాల్లో అక్షరాలా అమలవుతున్నది ఇదొక్కటే.

నేను ఆ ఇంటి మేడమీద గదిలో ఉంటాను. బడిలో చరిత్ర చెబుతాను. మహాయుద్ధాలకి కారణాలు చాలా చిన్నవిగా ఉంటాయని ఏటా పిల్లలకి చెప్పేవాణ్ణి కనక, ఆ సోమవారం వచ్చిన ఉత్తరాన్ని నేనైనా అనుమానంగా చూడవలసింది.

ఉత్తరం నర్సింగ్ హోమ్ నుంచి. నలభై మంచాల దుప్పట్లూ, తలగడ గలీబులూ ఉతికే పని అక్కకి ఇస్తామన్నారు. వీధిలోవాళ్ళ చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటూ తొమ్మిదేళ్ళు ఎదురుచూసిన పని అది. షరతు ఒక్కటే. బట్టలు మోసే బండికి తనిఖీ పత్రం ఉండాలి, అది వచ్చే సోమవారం పొద్దున్నకల్లా హెడ్ నర్సు బల్ల మీద ఉండాలి. తనిఖీకి దొరికిన రోజు శనివారం, పదింటికి. అది తప్పితే మళ్ళీ ఐదు వారాలకి. ఐదు వారాలు ఆగడానికి దుప్పట్లు ఒప్పుకున్నా రోగులు ఒప్పుకోరు కదా. పని బస్టాండు వెనక ఉన్న పెద్ద లాండ్రీవాడికి పోతుంది.

అక్కకి ఒక పాత వ్యాను ఉంది. అక్క పెళ్ళికి ముందే పుట్టిన బండి. దాని వెనక బ్రేకులు పట్టడం మానేసి, ఆ విషయం వీధంతటికీ వినిపించేలా కీచుమంటున్నాయి.

"మెకానిక్కి ఇచ్చేద్దామండీ," అంది అక్క.

బావ కుర్చీలోంచి లేచాడు. అంతకుముందే రెండుసార్లు లేచాడు గానీ ఈసారి కారణం ఉంది.

"మెకానిక్కా? ఊళ్ళోవాళ్ళ గడియారాలన్నీ నేను విప్పాలి, నా బండి ఇంకెవడో విప్పాలా?"

"బండి నాది."

"బ్రేకులు మనవి. ఒరేయ్ బావమరిదీ, నువ్వు చెప్పరా. చేతివేళ్ళంత సైజు బ్రేకు షూలు రెండు మార్చడానికి మెకానిక్ ఎందుకు?"

"నాకు యుద్ధాల గురించే తెలుసు బావా," అన్నాను.

"శుక్రవారం సాయంత్రానికి బండి నీ గుమ్మంలో ఉంటుందే. ఇది మాట."

"ఇప్పుడూ గుమ్మంలోనే ఉంది," అంది అక్క. "నాకు అది కదలాలి."

ఇక్కడ నూట ఎనిమిది ముక్కల పెట్టె గురించి చెప్పాలి. రెండేళ్ళ కిందట ఏదో ప్రదర్శనలో బావ ఒక సాకెట్ల సెట్టు కొన్నాడు. నట్టు తలమీద టోపీలా కూర్చోబెట్టి తిప్పే ఉక్కు గొట్టాన్ని సాకెట్ అంటారు. అవి అన్ని సైజుల్లోనూ, ప్రతిదీ దాని గుంటలో, మొదటి రోజు బడికి వచ్చిన పిల్లల్లా వరసగా కూర్చుని మెరుస్తున్నాయి. పెట్టె మూత మీద '108 ముక్కలు' అని బంగారు అక్షరాలు. అన్ని ముక్కలున్నది తక్కువ రకం ఎలా అవుతుందన్నది బావ తర్కం. రెండేళ్ళూ ఆ పెట్టెని తెరవడం, తుడవడం, మూయడం జరిగింది. దాంతో ఏదీ విప్పలేదు. ఏదైనా విప్పితే ముక్క పోతుందేమోనని భయం.

మంగళవారం సాయంత్రం ఐదుంబావుకి పెట్టె యుద్ధరంగంలోకి దిగింది. జాకీ వేసి బండిని లేపి, వెనక కుడి చక్రానికున్న ఐదు నట్లూ పది నిమిషాల్లో విప్పేశాడు. చక్రం లోపల ఒరుసుకుని బండిని ఆపే పాత షూలు తీసి కొత్తవి వేశాడు. ఏడింటికల్లా చక్రం మళ్ళీ బిగించి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి మూడుసార్లు నడిచాడు. ఎవరైనా అడుగుతారేమోనని. ఎవరూ అడగలేదు.

బుధవారం ఎడమ చక్రం.

అది కదల్లేదు. ఒక నట్టు కాకపోతే ఇంకొకటి అని ఐదింటినీ ప్రయత్నించాడు. ఐదూ ఒకే మాట మీద నిలబడ్డాయి. రాట్చెట్, అంటే కటకటమని పళ్ళ మీద తిరిగే పిడి, దాని మీద బరువంతా వేసి నొక్కాడు. సాకెట్ నట్టు మీద గిర్రున జారింది. నట్టు మూలలు నలిగాయి. మళ్ళీ కూర్చోబెట్టి నొక్కాడు. ఈసారి 'టప్' మని సాకెట్ నిలువునా చీలింది. మరొకటి పెట్టాడు. రాట్చెట్ కడుపులో పళ్ళు రాలి, ముందుకీ వెనక్కీ ఒకేలా తిరగడం మొదలుపెట్టింది. బావ మోకాలు వెళ్ళి బండి అంచుకి తగిలింది.

"దరిద్రపు సరుకు!" అన్నాడు, మోకాలు పట్టుకుని కుంటుతూనే గుండ్రంగా తిరుగుతూ. "ఇది ఉక్కు కాదే. కరిగించిన చెంచాలు!"

అక్క ఇస్త్రీ బల్ల దగ్గర నుంచి తల ఎత్తకుండానే అంది. "ఆడలేక మద్దెల ఓడన్నాడట."

"మద్దెల నిజంగానే ఓడు! ఇదిగో చూడు, చీలింది!"

న్యాయంగా చెప్పాలంటే ఆయన మాట నిజం. మద్దెల ఓటిదే. కానీ ఆడలేనివాడి చేతిలోనే ఓటి మద్దెల కూడా పడితే, తప్పు ఎవరిదో తేల్చడం మహా కష్టం. చరిత్రలో చాలా ఓటములకి కారణాలు ఇప్పటికీ తేలకపోవడం ఇందువల్లే.

ఆ రాత్రి బావ నిద్రపోలేదని అక్క చెప్పింది. పడుకునే మంచం నట్లు బిగించాడట.

గురువారం గడియారాల బల్ల మీద గుడ్డ కప్పేసి, పొద్దున్నే బయల్దేరాడు మంచి సాకెట్ కొనడానికి. నాకు ఆ రోజు బడికి సెలవు. "నువ్వూ వెళ్ళరా, లేకపోతే ఇంకో నూట ఎనిమిది తెస్తారు," అని అక్క నన్ను వెంట తరిమింది. బావ జేబులో కంటి భూతద్దం, చేతిలో కొలిచే వెర్నియర్, కళ్ళల్లో కాలు కాలిన పిల్లి చూపు.

మొదటి కొట్టు అద్దాల కొట్టు. లోపల చల్లగా ఉంది. మెడలో పట్టీ కట్టుకున్న అమ్మకందారు ఎర్రపెట్టె తెరిచాడు.

"సార్, దీనికి లైఫ్‌టైమ్ వారంటీ ఉంది."

"ఎవరి లైఫు?"

"సార్?"

"నాదా, దీనిదా, ఇక్కడ నీ ఉద్యోగానిదా?"

అమ్మకందారు పెట్టె వెనక్కి తిప్పి ఆ సంగతి ఎక్కడైనా రాసి ఉందేమోనని వెతకడం మొదలెట్టాడు. బావ ఈలోగా కంట్లో భూతద్దం బిగించి, ఒక సాకెట్ ఎత్తి, దాని లోపలికి చూశాడు. కొట్లో ఉన్నవాళ్ళంతా మమ్మల్ని చూశారు. "అంచు దగ్గర పూత పొక్కింది. రేపు ఆ పెచ్చు ఊడి వేలు కోస్తుంది," అన్నాడు బావ. వెర్నియర్‌తో కొలిచి, "పందొమ్మిది అని రాశారు. ఇది పందొమ్మిది పాయింటు మూడు. ఇంత వదులుగా ఉంటే నట్టు మీద నాట్యమే," అన్నాడు. అమ్మకందారు పెట్టెని మర్యాదగా వెనక్కి లాక్కున్నాడు.

రెండో చోటు రోడ్డు పక్క పరదా మీద పోసిన గుట్ట. బావ ఒక సాకెట్ మీద అంకెని గోటితో గీకాడు. అంకె గోట్లోకి వచ్చేసింది. అచ్చు కొట్టింది కాదు, రంగు పూసింది. "ఇప్పుడిది ఏ సైజు?" అని అడిగాడు. "మీకేం కావాలి?" అన్నాడు అమ్మేవాడు. ఇంత ఉదారమైన సరుకు బావకి నచ్చలేదు.

మధ్యాహ్నానికి మూడో కొట్టు చేరాం. సన్నటి సందులో, లోతుగా, గుహలాంటి ఇనప సామాను కొట్టు. గల్లాపెట్టె దగ్గర ఒక పెద్దాయన. ఆయన్ని అందరూ ఫిట్టరు తాతగారంటారు. బస్సుల డిపోలో ముప్పై ఏళ్ళు పనిచేసి, కొట్టు పెట్టాడు. ఆయన కదలికకీ మా బావ కదలికకీ తేడా, ఆవుకీ ఈగకీ ఉన్నంత.

బావ చీలిన సాకెట్‌ని బల్ల మీద పెట్టి, జరిగింది చెబుతూనే ఒక సొరుగు లాగాడు. ఇంకో సొరుగు లాగాడు. గోడ మీద పానాలు తట్టి చూశాడు.

"అయ్యా," అన్నాడు తాతగారు, "మీరు కాస్త నిలబడితే నాకు మాట వస్తుంది."

బావ నిలబడ్డాడు. ఒక కాలు మాత్రం కదులుతోంది.

"ఎన్ని ముక్కల పెట్టె?"

"నూట ఎనిమిది."

"మీ బండికి కావలసిన సైజులు ఎన్ని?"

బావ వేళ్ళు మడిచాడు. "తొమ్మిది. మహా అయితే పది."

"మరి తొంభై ఎనిమిది ఎందుకు కొన్నారు?"

బావ మళ్ళీ సొరుగు మీద చెయ్యి వేశాడు. "పెట్టె నిండుగా ఉంటుందని," అని నేను అందించాను. తాతగారు నా వైపు కూడా అదే జాలితో చూశాడు.

"చూడండి," అని చీలిన ముక్కని వేలితో దొర్లించాడు. "దీని లోపల పన్నెండు మూలలు. అందుకని ఇది నట్టుని మూలల దగ్గరే పట్టుకుంటుంది. కాస్త బలం వేస్తే మూల నలుగుతుంది, జారుతుంది." సొరుగులోంచి నల్లటి, ఏ మెరుపూ లేని సాకెట్ ఒకటి తీసి పక్కన పెట్టాడు. "దీనికి ఆరే మూలలు. గోడ మందం. నట్టు పలకల మీద పూర్తిగా కూర్చుంటుంది. మీరు మూలలు నలిపేసిన నట్టుని కూడా ఇది పట్టుకుంటుంది. అంకె అచ్చుకొట్టి ఉంది, గీకి చూసుకోండి."

బావ గీకాడు. గోరు విరిగింది. ముఖం మొదటిసారి విప్పారింది. భూతద్దం, వెర్నియర్, మళ్ళీ భూతద్దం. వెలుతురులోకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పాడు.

"సాకెట్ కొంటున్నారా, అల్లుణ్ణి వెతుకుతున్నారా?" అన్నాడు తాతగారు.

"అల్లుడైతే సర్దుకుపోతాం అండీ. రాట్చెట్ కూడా కావాలి. గట్టిది."

"రాట్చెట్ గబగబా తిప్పడానికి. బిగుసుకున్నదాన్ని విప్పడానికి కాదు. దాని పళ్ళు మీరు రాలగొట్టారు, అది మిమ్మల్ని ఏమీ అనలేదు. ఇదిగో, విప్పడానికి ఇది." పళ్ళూ కీళ్ళూ ఏమీ లేని మూరెడు పొడుగు కడ్డీ. "ఇంతకీ ఏం బండి? ఏ పక్క చక్రం?"

"చక్రం ఏదైతే ఏమిటండీ," అన్నాడు బావ, అప్పటికే కడ్డీ చంకలో పెట్టుకుని గుమ్మం దాటుతూ. "నట్టు నట్టే. నాకు రేపు సాయంత్రం దాకానే టైముంది."

తాతగారు నోరు తెరిచి, మూసి, చీపురు కట్టల లెక్కలోకి వెళ్ళిపోయాడు.

శుక్రవారం మూడింటికే బల్ల దగ్గర నుంచి లేచాడు బావ. నేను బడి నుంచి వచ్చేసరికి కడ్డీకి ఒక ఇనప పైపు తొడిగి పొడుగు చేసి ఉన్నాడు. కొత్త సాకెట్ నిజంగానే నలిగిన నట్టు మీద చేతికి తొడుక్కున్న చేతితొడుగులా కూర్చుంది. జారలేదు, కదల్లేదు, మూలగలేదు. నొక్కాడు. నట్టు కదల్లేదు.

"నువ్వూ పట్టరా."

ఇద్దరం నొక్కాం. వెనక నుంచి "పిండుతున్నానండోయ్!" అని కేక వినపడింది. అలవాటు కొద్దీ బావ చేతులు పైకెత్తాడు. పైపు నా ఒక్కడి మీదికి వచ్చింది. దీని గురించి ఇంతకన్నా చెప్పను.

నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ నొక్కాం. బావ పైపు మీదకెక్కి నిలబడ్డాడు. కడ్డీ విల్లులా వంగింది. ఒక్క క్షణం నట్టు కదిలినట్టే అనిపించింది. "వస్తోంది! వస్తోంది!" అన్నాడు బావ. తర్వాత గంట కొట్టినట్టు ఒక మోత. బావ నేలమీద కూర్చుని ఉన్నాడు. నట్టు, దాన్ని మోసే మరకడ్డీ తలతో సహా విరిగి వచ్చి, ఆయన ఒళ్ళో పడి ఉంది.

అక్క చేతిలో దుప్పటితో గుమ్మంలోకి వచ్చింది. విరిగిన ముక్కనీ, చక్రాన్నీ, గోడ మీద గడియారాన్నీ వరసగా చూసింది. ఐదు నలభై. ఆ దుప్పటి హెడ్ నర్సుకి చూపించడానికి నమూనాగా నాలుగుసార్లు ఇస్త్రీ చేసిన దుప్పటి. దాన్ని ఆమె మెల్లిగా మడతపెట్టడం మొదలుపెట్టింది. మా అక్క తిడితే భయంలేదు. మడతపెట్టడం మొదలుపెడితేనే.

"అప్పుడే మెకానిక్కి ఇచ్చేసి ఉంటే అయిపోయేది కదండీ," అంది.

బావ లేవలేదు. పదహారేళ్ళలో ఆయన ఐదు దాటాక కదలకుండా కూర్చోవడం నేను చూడటం అదే మొదలు. మంచి పనిముట్టుతో వచ్చే చిక్కు ఇదే. జారదు, విరగదు, చీలదు. తప్పు తోసెయ్యడానికి ఇంక చోటు మిగలదు.

చాలాసేపటికి జేబులోంచి భూతద్దం తీసి కంట్లో బిగించాడు. అలవాటు. విరిగిన ఏ వస్తువు చేతికొచ్చినా ఆయన చేసే పని అదే. ముక్కని గుడ్డతో తుడిచాడు. మట్టి, గ్రీజు పోయాక దాని మొన మీద చెక్కిన ఇంగ్లీషు 'ఎల్' అక్షరం బయటపడింది. నిలువుగా పట్టుకుని మర వరసల మీదుగా గోరు నడిపించాడు. ఇంకోసారి నడిపించాడు.

"ఒరేయ్," అన్నాడు చాలా చిన్న గొంతుతో.

"ఏమిటి బావా?"

"మర కుడి వైపుకి ఎక్కాలి కదరా. ఇది ఎడమకి ఎక్కుతోంది."

నాకు అర్థం కాలేదు. ఆయన విడమర్చి చెప్పాడు. లోకంలో నూటికి తొంభైతొమ్మిది నట్లు ఒక వైపుకి తిప్పితే విడతాయి. ఈ బండిని కట్టినవాళ్ళు, ఎడమ చక్రాలు ముందుకి దొర్లేటప్పుడు నట్లు వాటంతటవే వదులవకుండా, ఆ పక్క మరలన్నీ తిరగేసి చెక్కారు. ఎడమ మర. మామూలుగా బిగించే వైపుకి తిప్పితే విడుతుంది, విప్పే వైపుకి తిప్పితే బిగుస్తుంది. మా బావ బుధవారం నుంచి, ఎంతో మంచి సాకెట్ కొని, ఎంతో పొడుగు పైపు తొడిగి, నన్ను కూడా సాయం పిలిచి, ఆ చక్రాన్ని బిగిస్తున్నాడు.

ఇది ఎవరికైనా జరిగే పొరపాటే. కానీ జరిగింది గడియారాలవాడికి. చేతిగడియారం వెనక మూత తీస్తే, కీ ఇచ్చే చక్రం మీద ఒక మరమేకు ఉంటుంది. చాలా గడియారాల్లో దానిది ఎడమ మరే. తెలియనివాడు మామూలుగా తిప్పితే దాని తల తెగిపోతుంది. పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ బావ మొదటి రోజు చెప్పే మొదటి పాఠం అది. పాతికేళ్ళుగా రోజుకి నాలుగుసార్లు ఆ మేకుని ఆయన వేళ్ళు ఆలోచించకుండా అటువైపు తిప్పుతున్నాయి. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. కాకపోతే ఈయన చంకలో పిల్లని గట్టిగా నొక్కుతూ కూడా ఉన్నాడు.

"తుడిచి చూశానా?" అన్నాడు తనలో తనే. "తుడవకుండా ఏ గడియారమూ ముట్టుకోను. తుడిచి చూశానా!"

అంతే, ముల్లు మళ్ళీ కదిలింది. లేచి, సాకెట్‌ని రెండో నట్టు మీద పెట్టి, అటువైపు నొక్కాడు. కీర్రుమని విడింది. మిగిలిన మూడూ అంతే. మూలలు నలిగినా నల్ల సాకెట్ ఒక్కదాన్నీ వదల్లేదు. కానీ ఐదింటిలో ఒక మరకడ్డీ విరిగింది. నాలుగు నట్ల చక్రాన్ని తనిఖీలో ఒప్పుకోరు. ఇనప కొట్టు ఏడింటికి మూసేస్తారు. టైము ఆరూ ముప్పావు.

"నేనొస్తా," అంది అక్క, దుప్పటి నా చేతుల్లో పడేసి. ముగ్గురం పరిగెత్తాం. సందు మొదట్లో బావ మమ్మల్ని దాటిపోయాడు. సందు చివర వెనక్కి వచ్చి మళ్ళీ మాతో కలిశాడు. ఎందుకని అడిగితే, ఒక్కణ్ణే లోపలికి వెళ్ళలేనన్నాడు.

తాతగారు షట్టరు సగం దించి ఉన్నాడు. లోపల ఇద్దరు మెకానిక్కులు టీ తాగుతున్నారు. బావ విరిగిన ముక్కని బల్ల మీద పెట్టాడు.

"ఎడమ చక్రం అండీ," అన్నాడు.

తాతగారు దాన్ని చూశాడు. మెకానిక్కులు చూశారు. ఒకడు టీ గ్లాసు వెనక మొహం దాచుకున్నాడు.

"ఎన్నాళ్ళు బిగించారు?"

"మూడు రోజులు."

"పైపు తొడిగారా?"

"తొడిగాను."

"సాకెట్‌కి ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదండీ."

"అది నేనిచ్చింది కదా," అన్నాడు తాతగారు. లోపలికి వెళ్ళి తుప్పు పట్టిన బిస్కెట్ల డబ్బా తెచ్చి, గలగలలాడించి, అందులోంచి ఎడమ మర కడ్డీ ఒకటి, నట్లు ఐదు తీశాడు. "మొన్న అడిగాను," అన్నాడు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అనకపోవడమే బావకి ఎక్కువ తగిలింది.

శనివారం తెల్లవారగానే బావ విరిగిన ముక్కని సుత్తితో వెనక్కి తోసి, కొత్తది ఎక్కించి, షూలు మార్చి, చక్రం తగిలించాడు. నిన్నటి మోత చెవుల్లో ఉందేమో, నట్లని గడియారాలవాడిలా మర్యాదగా బిగించాడు. కాస్త ఎక్కువ మర్యాదగానే. తొమ్మిదిన్నరకి అక్క బండి నడుపుతుంటే తనిఖీ మైదానంలోకి వెళ్ళాం. బావ పక్కసీట్లో కూర్చుని, లేని బ్రేకు తొక్కుతూ వచ్చాడు.

తనిఖీ అధికారి లావాటి మనిషి, తక్కువ మాటల మనిషి. లైట్లు చూశాడు, హారను కొట్టాడు, అక్క చేత బండి నడిపించి బ్రేకు వేయించాడు. కీచులేదు. బండి నిటారుగా నిలబడింది. అక్క ముఖంలోకి రంగు వచ్చింది. చివరికి ఆయన తన పానా తీసుకుని నట్లు సరిగా బిగించారో లేదో నొక్కి చూడటం మొదలుపెట్టాడు. కుడి పక్క ఐదూ గట్టిగా ఉన్నాయి. ఎడమ పక్కకి వచ్చి, మొదటి నట్టు మీద పానా పెట్టి, లోకమంతా బిగించే వైపుకి నొక్కాడు.

నట్టు పావు చుట్టు తిరిగింది.

"లూజు," అన్నాడు అధికారి. రెండోది నొక్కాడు. అదీ తిరిగింది. "ఇదీ లూజే. ఎవరు బిగించారిది?" అని జేబులోంచి కలం తీశాడు.

బావ పెదాలు కదిలాయి. ఆయన తలలో ఏం జరుగుతోందో నాకు స్పష్టంగా కనిపించింది. ఇన్నాళ్ళ జీవితంలో ఇంత తియ్యటి అవకాశం ఆయనకి రాలేదు. ప్రభుత్వంవారి చేతిలో పానా, ప్రభుత్వంవారిదే పొరపాటు, చుట్టూ పదిమంది. ఒక్క ఎత్తిపొడుపు చాలు. కానీ ఆ కలం కిందే నలభై మంచాల దుప్పట్లు ఉన్నాయి. అక్క ఆయన వైపు చూడలేదు. స్టీరింగ్ మీద ఉన్న తన వేళ్ళ వైపు చూస్తోంది.

"నేనే అండీ," అన్నాడు బావ. "ఆ పక్కవి ఎడమ మరలు. నాకూ తెలియలేదు. బుధవారం నుంచి విప్పుతున్నాననుకుని మూడు రోజులు బిగించాను. సాకెట్ పగలగొట్టాను, రాట్చెట్ పోగొట్టాను, మరకడ్డీ విరగ్గొట్టాను. సామానుదే తప్పని ఇంట్లోవాళ్ళని వాయించాను. తప్పు నాదేనండీ. గడియారాలు బాగుచేసేవాణ్ణి, నాకు ముందే తెలిసి ఉండాల్సింది." జేబులోంచి విరిగిన ముక్క తీసి, భూతద్దంతో సహా అందించాడు.

అధికారి భూతద్దం కంట్లో పెట్టుకోబోయి, అది నిలవక, చేత్తో పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత పానాని అటువైపు నొక్కాడు. నట్టు బిగిసింది. ఐదింటినీ ఆయనే స్వయంగా, చాలా గట్టిగా, బిగించాడు.

"నాకు తెలుసు," అన్నాడు. "మీకు తెలుసో లేదోనని చూశాను."

"అవునండీ," అన్నాడు బావ. ఎదుటివాడి అబద్ధాన్ని ఆయన అంత గంభీరంగా ఒప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

కాయితం మీద ముద్ర పడింది.

తిరిగి వస్తుంటే, వంతెన దాటాక అక్క అంది. "తప్పు నాదే అన్నారు. పదహారేళ్ళలో మొదటిసారి విన్నాను."

"అధికారితో అన్నాను," అన్నాడు బావ కిటికీలోంచి బయటికి చూస్తూ. "నీతో కాదు."

"వినపడింది కదా, చాలు."

సోమవారం పొద్దున్న ఆరింటికి వ్యాను తనిఖీ పత్రంతో, దుప్పట్లు తేవడానికి నర్సింగ్ హోమ్‌కి వెళ్ళింది. కీచుమనకుండా వెళ్ళడం వల్ల వీధిలో ఎవరికీ తెలియలేదు. బావకి అదొక వెలితి. ఆ మధ్యాహ్నం అక్క నూట ఎనిమిది ముక్కల పెట్టెని తెరిచి, సాకెట్లన్నీ పాతిక కిలోల బియ్యం బస్తాలో ఒంపేసి, ఆ గుంటల్లో బట్టల్లోంచి రాలిన గుండీలు సైజుల వారీగా సర్దుకుంది. తెల్లవి పెద్ద గుంటల్లో, గాజువి చిన్న గుంటల్లో. పెట్టె మొదటిసారి పూర్తిగా పనికొచ్చింది. తాతగారి దగ్గర తర్వాత కొన్న నల్ల సాకెట్లు మాత్రం, అవసరమైన పదీ, ఒక పాత గుడ్డసంచిలో ఆయన బల్ల కింద ఉంటున్నాయి.

ఇలాంటి పొరపాటు ఇంకెవరికీ జరగకూడదని, ఎడమ చక్రం ప్రతి నట్టు పక్కనా ఎటు తిప్పాలో ఒక బాణం గుర్తు వేశాడు. గడియారం ముఖం మీద అంకెలు దిద్దే కుంచెతో వేశాడు. చాలా అందంగా ఉందని ఆయనే అన్నాడు. చూడటానికి భూతద్దం కావాలి.

ఇప్పుడు సాయంత్రం ఐదుంబావు. కింద మెషీను తిరుగుతోంది. "ఇందులో ఏదో శబ్దం వస్తోందే," అంటున్నాడు బావ. "ఏమీ రావడంలేదు, ముట్టుకోకండి," అంటోంది అక్క. గుడ్డసంచిలో ఇనుము గలగలమంటోంది.